వన్యప్రాణి థీమ్ పార్కులో కిరీట క్రౌంచాల కోసం: నా అనుభవం

ఆఫ్రికా క్రౌన్డ్ క్రేన్‌ను, అంటే తల మీద బంగారు రంగు కిరీటంతో ఉండే ఆ క్రౌంచ పక్షిని చూడటమే పనిగా పెట్టుకొని వన్యప్రాణి థీమ్ పార్కుకు వెళ్ళేవారు ఎక్కువమంది ఉండరు. పార్కును కట్టింది కూడా అలాంటివారి కోసం కాదు. సింహం, ఏనుగు, జిరాఫీ, ఖడ్గమృగం అనే నాలుగింటి చుట్టూనే దారులూ, బండ్లూ, బోర్డులూ అమర్చి ఉంటాయి. మిగిలిన ప్రాణులు దారిలో కనబడితే కనబడినట్టు, లేకపోతే లేదు. నవంబరు రెండో వారంలో నేను ఈ పక్షుల కోసమే ఒక రోజంతా అక్కడ గడిపి వచ్చాను కనుక, ఎక్కడ ఎంతసేపు పట్టిందో, ఏది డబ్బు పెట్టదగినదో, ఏది కాదో, జరిగిన వరుసలోనే రాస్తున్నాను.

పార్కు వెబ్‌సైటులో ప్రాణుల జాబితా ఉంది, అందులో కిరీట క్రౌంచం ఫొటో కూడా ఉంది. కానీ అది ఏ మూల ఉంటుందో చెప్పే ముక్క ఒక్కటీ లేదు. మ్యాపులో జిరాఫీ బొమ్మలు మూడుచోట్ల ఉన్నాయి గాని పక్షులన్నిటికీ కలిపి ఒక్క రెక్క గుర్తు మాత్రమే వేశారు. నవంబరు 4న వారికి మెయిల్ రాశాను. జవాబు 8వ తేదీ సాయంత్రం వచ్చింది: సవానా మైదానంలో జీబ్రాలు, దుప్పులతో కలిసి కొన్ని తిరుగుతుంటాయనీ, చిత్తడినేల పక్కన ఉన్న నడకదారిలో విడిగా ఒక జంట ఉంటుందనీ, అయితే ఫలానా సమయానికి కనబడతాయని మాట ఇవ్వలేమనీ అందులో ఉంది. మేత వేళలు అడిగితే దానికి మాత్రం జవాబు లేదు. సెలవు రోజుల రద్దీ తప్పించుకోవడానికి నవంబరు 14, గురువారం ఎంచుకున్నాను.

ఖర్చు విషయంలో ముందే తెలుసుకోవలసింది ఒకటుంది. ప్రవేశ టికెట్టులోనే పెద్ద సఫారీ ట్రక్కు ప్రయాణం కలిసి ఉంటుంది. ఆరుగురికి మించకుండా ఎక్కించుకొని, గైడు వెంట ఉండి, అడిగినచోట ఆపే చిన్న బండి మాత్రం వేరు; దాని ధర దాదాపు ప్రవేశ టికెట్టుకు సమానం, పైగా ముందురోజు లోపల బుక్ చేసుకోవాలి. నేను చూసేసరికి ఉదయం బండి నిండిపోయింది, పన్నెండున్నర బండిలో రెండు సీట్లు మిగిలాయి. నాతో రావడానికి ఒప్పుకున్న మా అక్క, "పక్షిని చూడటానికి టికెట్టు మీద మళ్ళీ టికెట్టా?" అని దీర్ఘం తీసింది. ఆ ప్రశ్నకు సాయంత్రం వరకూ నా దగ్గర సరైన సమాధానం లేదు.

తొమ్మిదికి గేటు తెరుస్తారంటే ఎనిమిదీ పదికే చేరుకున్నాం. అప్పటికే మా ముందు చాలామంది ఉన్నారు. సంచుల తనిఖీ దగ్గర నా బైనాక్యులర్‌ను, కెమెరానూ ఏమీ అనలేదు గాని ట్రైపాడ్‌ను లోపలికి తీసుకువెళ్ళనివ్వలేదు. దానిని లాకరులో పెట్టి, తాళం తీసుకొని వచ్చేసరికి ఇరవై నిమిషాలు పోయాయి. ఈ నియమం టికెట్టు మీద ఎక్కడా లేదు. గేటు దాటగానే అందరూ సఫారీ వైపే పరుగు. క్యూ ముందున్న బోర్డు నలభై నిమిషాలు చూపిస్తే, మాకు ట్రక్కు ఎక్కడానికి గంటా అయిదు నిమిషాలు పట్టింది. క్యూ పొడవునా తెరల మీద సింహపు పిల్లల వీడియో తిరుగుతూనే ఉంది, నాకు అది కంఠతా వచ్చేసింది.

ట్రక్కులో వరుసలను సిబ్బందే కేటాయిస్తారు. ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది మన చేతిలో ఉండదు. మాకు వరుస మధ్యలో చోటు వచ్చింది. పక్కన కూర్చున్న పెద్దాయన నా మెడలో బైనాక్యులర్ చూసి, అడగకుండానే అంచు సీటు ఇచ్చారు. ఆ మంచితనమే లేకపోతే ఈ భాగం గురించి రాయడానికి నాకేమీ ఉండేది కాదు.

ప్రయాణం ఇరవై నిమిషాలకు కాస్త అటూ ఇటూ. డ్రైవరే వ్యాఖ్యాత కూడా, ఆమె జిరాఫీల దగ్గర బాగా ఆగింది, ఏనుగుల దగ్గర ఇంకా ఎక్కువ ఆగింది. మైదానం విశాలంగా తెరుచుకున్నచోట, జీబ్రాల మందకు అవతల, ఎండ పడుతున్న గడ్డిలో పసుపుపచ్చని మెరుపు ఒకటి కదిలింది. నాలుగు పక్షులు. జీబ్రాల కాళ్ళ వెంటే నడుస్తూ, అవి అడుగు వేసినప్పుడు ఎగిరే మిడతలను అందుకుంటున్నాయి. డ్రైవరు వాటి పేరు కూడా పలకలేదు, వెనక ఇంకో ట్రక్కు వస్తున్నందున వేగం తగ్గించలేదు. కుదుపుల్లో బైనాక్యులర్ కంటికి పెట్టుకుంటే గడ్డీ ఆకాశమూ కలిసి ఊగాయి తప్ప పక్షి కనబడలేదు. దించి మామూలు కళ్ళతో చూస్తేనే నయం అనిపించింది. పది సెకన్ల తరువాత ఒక గుట్ట అడ్డం వచ్చింది. సంతోషం, చిరాకు రెండూ ఒకేసారి ముంచుకొచ్చాయి. ఇన్నేళ్ళుగా బొమ్మల్లో చూసిన పక్షి నిజంగా అక్కడ నడుస్తోంది, నేనేమో దాని నుంచి దూరమైపోతున్నాను.

పదకొండు కావస్తుండగా చిత్తడినేల నడకదారి చేరాం. ఇక్కడ జనం లేరు, నీడ కూడా లేదు. ఎన్‌క్లోజరు ముందు పెద్ద పలక మీద "ఆఫ్రికా కిరీట క్రౌంచం" అని రాసి, నలుపు కిరీట క్రౌంచం ఫొటో అచ్చువేశారు. లోపల ఉన్నదేమో బూడిదరంగు కిరీట క్రౌంచం. ఈ రెండూ వేరు వేరు జాతులు. నలుపు జాతి పశ్చిమ ఆఫ్రికా నుంచి ఇథియోపియా వరకూ సహారాకు దక్షిణంగా ఉన్న పొడి నేలల్లో ఉంటుంది. బూడిదరంగు జాతి ఉగాండా, కెన్యా మొదలుకొని దక్షిణాఫ్రికా వరకూ ఉంటుంది. దూరం నుంచి గుర్తుపట్టడానికి మెడ రంగు చాలు, ఒకదానిది కారునలుపుకు దగ్గర, ఇంకొకదానిది ముత్యపు బూడిద. దగ్గరికి వస్తే చెంప చూడాలి. నలుపు జాతి చెంపలో పైభాగం తెలుపు, కింది భాగం ఎరుపు. బూడిదరంగు జాతికి చెంప దాదాపు అంతా తెల్లగా ఉండి, ఎరుపు పై అంచున మాత్రమే ఉంటుంది. గొంతు కింద ఎర్రని తిత్తి కూడా స్పష్టంగా వేలాడుతుంది. ఉగాండా జెండా మధ్యలో ఒక కాలు ఎత్తి నిలబడినది ఈ బూడిదరంగు పక్షే. పలక చూసి వెళ్ళిపోయేవారికి తాము చూసింది ఒకటి, చదివింది మరొకటి అని తెలిసే వీలే లేదు. అక్కడ నిలబడిన సేపట్లో అయిదారు కుటుంబాలు వచ్చి, పలకను ఫొటో తీసుకొని, పక్షి కోసం తొంగి చూసి వెళ్ళిపోయాయి.

నిజానికి తొంగి చూసినా కనబడేది తక్కువే. జంట రెల్లు వెనక కూర్చుని ఉంది, నాకు దొరికినవి రెండు కిరీటాల కొసలు. ముప్పావుగంట అలాగే గడిచింది. అక్క బెంచీ మీద కూర్చుని చెప్పులు విప్పేసింది. ఉన్నట్టుండి ఒక పక్షి అరిచింది. రెండు ముక్కలుగా, రెండోది సాగుతూ, కాస్త విషాదంగా ఉన్న ఆ కేకకు రెండో పక్షి వెంటనే బదులిచ్చింది. సారస పక్షుల కేక విన్నవారికి ఇది అంత గట్టిగా అనిపించదు. మిగతా క్రౌంచాల్లో చాలావాటికి శ్వాసనాళం పొడవుగా ఉండి, ఛాతీ ఎముకలో చుట్టలు తిరిగి ఉంటుంది. ఆ చుట్టలే గొంతును బూరలా మోగిస్తాయి. కిరీట క్రౌంచాలకు ఆ చుట్టలు లేవు. కానీ గొంతు కింది తిత్తిని ఉబ్బించి, తల దించి, లోలోపలి నుంచి మోగించే గంభీరమైన ధ్వని ఒకటి వీటికి ఉంది. అది వినాలని చాలా ఆశపడ్డాను గాని ఆ రోజు ఆ భాగ్యం లేకపోయింది.

పన్నెండున్నర బండి గురించి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే డబ్బు ఎక్కువ పెట్టింది దానికే. మాతోపాటు నలుగురున్నారు, వారిలో ముగ్గురు ఖడ్గమృగాన్ని ఫొటో తీయాలని వచ్చినవారు. గైడు బయలుదేరే ముందే ఎవరికి ఏం కావాలో అడిగి రాసుకున్నాడు. నేను కిరీట క్రౌంచాలు అనగానే అతని ముఖం వెలిగింది. ఇవి అడిగేవారు అరుదట. ఖడ్గమృగం దగ్గర పదిహేను నిమిషాలు అయ్యాక, మైదానం మధ్యకు తీసుకువెళ్ళి, పక్షులకు దగ్గరలో బండి ఆపి ఇంజను కట్టేశాడు. "మీరు లేచి నిలబడకండి, గొంతు పెంచకండి, అవే వస్తాయి," అన్నాడు. ఆరేడు నిమిషాల్లో నిజంగానే అవే వచ్చాయి.

దగ్గర నుంచి చూసినప్పుడు మొదట ఆశ్చర్యపరిచింది కిరీటం కాదు, కన్ను. లేత నీలం కలిసిన బూడిదరంగులో, నల్లని మఖమలు నుదుటి కింద, అది మనల్ని కొలుస్తున్నట్టే ఉంటుంది. కిరీటం మెత్తని ఈకల కుచ్చు అనుకునేదాన్ని; దగ్గరికి వస్తే ఒక్కొక్కటీ కొబ్బరి ఈనెలా గట్టిగా, విడివిడిగా నిలిచి, గాలికి వంగకుండా వణుకుతుంది. నిలబడితే మీటరు ఎత్తుంటుంది, బరువు మూడున్నర కిలోల చుట్టుపక్కలే. అంత సన్నని శరీరం మీద రెక్క మడిచినప్పుడు తెలుపు, గడ్డిపసుపు, ముదురు గోధుమ రంగు ఒకదాని మీద ఒకటి పరచినట్టు కనిపిస్తాయి. ఆ తరువాత కాళ్ళు. పక్షి నాలుగు అడుగులు వేసి, ఆగి, కుడి కాలుతో నేలను రెండుసార్లు గట్టిగా తొక్కింది. గడ్డిలోంచి ఒక మిడత లేచింది. మెడ ఎప్పుడు కదిలిందో నాకు తెలియలేదు, మిడత మాత్రం లేదు. జీబ్రాలు లేనప్పుడు ఆ పని తానే చేసుకుంటుందన్నమాట.

కాలి వెనక వేలును చూడమని గైడే చెప్పాడు. అది పొడవుగా ఉండి కొమ్మను పట్టుకోవడానికి పనికొస్తుంది. క్రౌంచ జాతులు మొత్తం పదిహేను. వాటిలో చెట్టు కొమ్మ మీద వాలి రాత్రి గడపగలిగినవి ఈ రెండు కిరీట జాతులే. మందలో ఒక పక్షి మిగతావాటికంటే గోధుమరంగుగా, కిరీటం పొట్టిగా, చెంప మీద తెలుపు ఇంకా విచ్చుకోకుండా ఉంది. అది ఆ ఏడాది పిల్ల. తల్లి తొక్కినచోటే తానూ తొక్కుతోంది, దానికి ఏమీ దొరకడం లేదు. ఫొటోల సంగతి చెప్పాలంటే, కెమెరాను దానికే వదిలేస్తే ఫోకస్ కిరీటం దాటి వెనక గడ్డి మీదికి పోతోంది. కంటి మీద ఒక్క బిందువుకు ఫోకస్ కట్టి, తెల్లని రెక్క మాసిపోకుండా వెలుగు ఒక మెట్టు తగ్గించాక గాని పనికొచ్చే చిత్రం రాలేదు. బండి అక్కడ పన్నెండు నిమిషాలు ఆగింది. తిరిగి వస్తుంటే అక్క, "ఈ టికెట్టుకు నేనేమీ అనను," అంది. అదే ఆమె తీర్పు.

రెండు గంటల నుంచి మూడుంపావు వరకూ రాయదగినదేమీ జరగలేదు. ఎండ ముదిరింది, పక్షులన్నీ నీడ పట్టాయి. ఆ వేళ ఈ పార్కులో పక్షుల కోసం తిరగడం వృథా. ఏదైనా కప్పు కింద కూర్చోవడం మంచిది.

మేత వేళ మూడున్నర అని చిన్న బండి గైడే చెప్పాడు, పార్కు బోర్డుల మీద గాని యాప్‌లో గాని అది లేదు. చిత్తడినేల దగ్గరికి మళ్ళీ వెళ్ళేసరికి ఒక కీపరు బకెట్టుతో లోపలికి వస్తోంది. గింజల మేత, దాని మీద పురుగులు. రెల్లు వెనక నుంచి జంట లేచి, తొందర లేకుండా, ఒకదాని వెనక ఒకటి నడిచి వచ్చింది. మేత అయ్యాక జరిగింది నేను ఊహించనిది. మగదో ఆడదో చెప్పలేను, రెండూ ఒకే రంగు, ఒకటి కొద్దిగా పెద్దది అంతే. అందులో ఒకటి తల వంచి లేపింది, మళ్ళీ వంచింది, రెండోది అలాగే చేసింది. ఎండుపుల్ల ఒకటి ముక్కుతో పైకి విసిరింది. తరువాత రెండూ రెక్కలు విప్పి, కాళ్ళు వేలాడేసి, నేల మీద నుంచి పైకి గెంతడం మొదలుపెట్టాయి. ఈ నృత్యం జతకట్టే కాలానికే పరిమితం కాదనీ, పిల్ల పక్షులూ, జత లేనివీ కూడా ఆడతాయనీ చదివాను. అయినా కళ్ళ ముందు జరుగుతుంటే చదివినదేదీ గుర్తుకు రాలేదు. రెండు నిమిషాలు కూడా సాగలేదు. దారి మీద చూస్తున్నవాళ్ళం ముగ్గురమే.

ఆ గెంతుల్లోనే ఇంకొకటి కనబడింది. రెక్కలు పూర్తిగా విప్పినప్పుడు ఎడమ రెక్క నిండుగా తెరుచుకుంది, కుడి రెక్క కొస దగ్గర తెగినట్టు ఆగిపోయింది. రెండో పక్షికీ అంతే. కీపరు కంచె దగ్గరికి వచ్చినప్పుడు అడిగాను.

"కుడి రెక్క పొట్టిగా ఉందేమిటండీ? దెబ్బ తగిలిందా?"

"లేదండీ, పిల్లలుగా ఉన్నప్పుడే చివరి కీలు తీసేశారు. ఇక్కడికి వచ్చేసరికే అలా ఉన్నాయి. ఇప్పుడు మా దగ్గర పుట్టేవాటికి చేయడం లేదు, ఈకలు మాత్రమే కత్తిరిస్తాం. ఈకలు మళ్ళీ పెరుగుతాయి కదా."

కప్పు లేని ఎన్‌క్లోజర్లలో పెద్ద పక్షులను ఎగిరిపోకుండా ఉంచే పద్ధతి చాలాకాలంగా ఇదేనని ఆమె దాచకుండా చెప్పింది. జర్మనీ వంటి చోట్ల కీలు తీయడాన్ని చట్టం ఒప్పుకోదు. ఆ ఉదయం నుంచి నాలో ఉన్న ఉత్సాహానికి ఇక్కడ ఒక ముల్లు గుచ్చుకుంది. చెట్టెక్కి పడుకోగలిగిన పక్షి, చెట్టు కింద నిలబడి ఉంది. రాత్రివేళ వాటిని షెడ్డులోకి పిలుస్తారట, అక్కడ నడుము ఎత్తులో దుంగలు అమర్చారట; గెంతి వాటి మీద వాలతాయని చెప్పింది.

ఈ పక్షికి అడవిలోనూ నిశ్చింత లేదు. చిత్తడినేలలు పొలాలవుతున్నాయి, పెంచుకోవడానికీ అమ్ముకోవడానికీ పక్షులనూ గుడ్లనూ పట్టుకుపోతున్నారు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ 2012లో బూడిదరంగు జాతిని అంతరించే ప్రమాదంలో ఉన్నవాటిలో చేర్చింది. రువాండాలో ఇళ్ళలో, హోటళ్ళ తోటల్లో రెక్కలు కత్తిరించి పెంచుతున్న పక్షులను పశువైద్యుడు ఒలివియే న్సెంగిమానా బృందం నమోదు చేసి, సేకరించి, ఎగరగలిగేవాటిని అకగేరా జాతీయ పార్కులో వదిలింది. ఎగరలేనివాటికి కిగాలీలో ఉముసాంబి విలేజ్ అనే చిత్తడినేల ఆశ్రయం ఏర్పడింది. కీపరుకు ఆ సంగతులన్నీ తెలుసు. పార్కులో దాని గురించి ఒక్క పలకైనా ఎందుకు లేదని అడిగితే, నవ్వి ఊరుకుంది.

అయిదున్నరకు బయటపడ్డాం. లాకరు దగ్గర ట్రైపాడ్ తీసుకోవడానికి పావుగంట, పార్కింగ్ నుంచి రోడ్డెక్కడానికి ముప్పావుగంట పట్టింది. వాహనాలన్నీ ఒకే ద్వారం గుండా వెళ్ళాలి. త్వరగా వెళ్ళాలనుకునేవారు నాలుగున్నరకే కదలడం మేలు, మేత ఎలాగూ అప్పటికి అయిపోతుంది.

నవంబరు 16న పలక గురించి పార్కుకు మళ్ళీ రాశాను. ఏ ఫొటో తప్పో, చెంప మీద ఎరుపు ఎక్కడ ఉండాలో వివరించి, నేను తీసిన చిత్రం జతచేశాను. తొమ్మిది రోజులకు జవాబు వచ్చింది. పలకను మారుస్తామన్నారు, తేదీ ఇవ్వలేదు. మేత వేళను యాప్‌లో పెట్టడం గురించి మాత్రం కుదరదన్నారు, జనం గుమికూడితే జంట మేతకే రాదట. చివర్లో ఒక సూచన చేర్చారు: ఆ జంట గూడు కట్టినప్పుడు నడకదారి మూసేస్తారు, పొదగడానికి నాలుగు వారాలకు పైనే పడుతుంది, పిల్లలు కాస్త ఎదిగేదాకా తెరవరు. కాబట్టి వెళ్ళదలచినవారు టికెట్టు కొనే ముందే దారి తెరిచి ఉందో లేదో మెయిల్ చేసి అడగాలి. జవాబుకు నాలుగు రోజులైనా పడుతుందని లెక్కలో పెట్టుకోవాలి.